నాతో చెప్పిన మాట

శృంగార కథ ఎలా ఉంటుందో నాకు మొదట నేర్పినవి బస్టాండు కొట్లో తాడుకి వేలాడేసి అమ్మే పుస్తకాలు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేట హాస్టల్లో ఉన్నప్పుడు అవి గదుల మధ్య చేతులు మారేవి. అంతకుముందు మా ఇంటికి స్వాతి వచ్చేది. అందులో డాక్టర్ సమరం గారి ప్రశ్నలు, జవాబుల పేజీని ఇంటిల్లిపాదీ చదివేవాళ్ళు, చదివినట్టు ఒక్కరూ పైకి అనేవాళ్ళు కాదు. ఒంటి గురించిన శాస్త్రం ఆ పేజీలో దొరికింది. కోరిక గురించిన కథ మాత్రం తాడు పుస్తకాల్లోనే దొరికింది.

వాటిలో కథలు నాలుగైదు రకాలకు మించవు. వదినా మరిదీ, ఇల్లుగలావిడా అద్దెకున్న కుర్రాడూ, మొగుడు దుబాయిలో ఉన్న ఇల్లాలూ. చూసేది ఎప్పుడూ మగవాడే. తలుపు సందులోంచో, పెరటి గోడ మీదుగానో చూస్తాడు. ఆవిడ మొదట వద్దంటుంది. ఆ వద్దుకి విలువ లేదని చదివేవాళ్ళకి ముందే తెలుసు. రెండు పేజీలు తిరిగేసరికి ఒప్పేసుకుంటుంది. ఎందుకు ఒప్పుకుంది, ఆవిడకి ఏం కావాలి, మర్నాడు పొద్దున్న పాలు కాచుకుంటూ ఏమనుకుంది, ఇవేవీ ఉండవు. చదువుకున్నదాన్నే, అయినా ఈ బాపతు కథ అంటే ఇదే కాబోలని నాలో స్థిరపడిపోయింది.

అమెరికాలో వర్జీనియాలోని హెర్న్‌డన్ వచ్చి, పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక మారుపేరుతో నేనూ రాయడం మొదలుపెట్టాను. కథ చెప్పేవాడు మగవాడు. మామిడితోట, పాడుబడ్డ బంగళా, వాన, తడిసిన చీర. నేను ఆడదాన్ని, నా కోరిక నాకు తెలుసు, అయినా కలం పట్టుకోగానే నా కళ్ళ స్థానంలో ఆ తలుపు సందు కళ్ళు వచ్చి కూర్చునేవి.

అసలు కథలు నా చుట్టూ ఉన్నాయి. ఈ ఊరు డల్లెస్ విమానాశ్రయానికి ఆనుకుని ఉంటుంది. చుట్టుపక్కలంతా టెక్ ఆఫీసులు, 2022 నవంబరులో మెట్రో సిల్వర్ లైన్ కూడా ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో ఆలుమగల మధ్య చేరే అడ్డంకులు ఏ కావ్యంలోనూ లేవు. అత్తమామలు విజిటర్ వీసా మీద వస్తే సాధారణంగా ఆరు నెలలు ఉంటారు. గోడలు జిప్సం బోర్డువి, పక్కగదిలో దగ్గితే ఈ గదిలో వినిపిస్తుంది. శుక్రవారం రాత్రి ప్రొడక్షన్ రిలీజు. ఆదివారం రాత్రి హైదరాబాదు టీముతో కాల్, వాళ్ళకి అప్పటికి సోమవారం తెల్లారిపోతుంది. హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యలకి 2015 దాకా ఉద్యోగం చేసే వీలే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటితేనే అనుమతి. బ్యాంకు ఖాతా, కారు, ఇంటి లీజు అన్నీ ఆయన పేరున ఉన్నచోట పడగ్గదిలో వద్దనడానికి ఎంత ధైర్యం కావాలి? కావాలనడానికి ఇంకెంత కావాలి? కోరిక గురించి రాసేవాళ్ళకి ఇంతకన్నా వస్తువు ఏం కావాలి! నేను వీటిని పక్కన పడేసి మామిడితోటలు రాశాను.

రైలు పట్టాలు తీసేసిన దారిమీద వేసిన డబ్ల్యూ అండ్ ఓడీ కాలిబాట మా ఊరి నడిబొడ్డున, పాత రైలుస్టేషను పక్కనుంచి పోతుంది. శనివారం పొద్దున్నలు నేనూ నా స్నేహితురాలూ అక్కడ నడిచేవాళ్ళం. ఒక నడకలో ఆమె నాతో ఒక సంగతి చెప్పింది. ఇంట్లో అత్తమామలు ఉన్నారు. ఓ చలికాలపు రాత్రి ఆలుమగలిద్దరూ గరాజులోకి దిగి, ఇంజను వెయ్యకుండా కారు వెనకసీట్లో కూర్చున్నారట. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి. పైన వంటింట్లో అత్తగారు మంచినీళ్ళకి లేచిన అడుగుల చప్పుడు. ఎన్నాళ్ళకో ఆయన ముట్టుకున్నాడు. "చెయ్యి చల్లగా ఉంది, తియ్యి" అంది తను. ఆయన నిజంగానే తీసేశాడు. తీసి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకుంటూ బుద్ధిగా కూర్చున్నాడు. అది చూసి తనకి నవ్వు ఆగలేదు. పైకి వినబడకూడదని ఆయన భుజంలో మొహం దాచుకుని నవ్వింది. మిగతాది ఆ నవ్వులోంచి వచ్చిందట. చెబుతూ మళ్ళీ నవ్వింది. సిగ్గుపడింది కూడా.

ఆ సంగతి నేను కథ రాసేశాను. ఆమెని అడగలేదు. పేర్లు మార్చాను కదా, సరిపోతుందనుకున్నాను. గరాజు ఉంచాను, చలి తీసేశాను. చలి శృంగారానికి పనికిరాదని నా లెక్క. "తియ్యి" అన్న మాట కొట్టేశాను, కథ అక్కడ నెమ్మదిస్తోందని. నవ్వు కొట్టేశాను, నవ్వితే వేడి తగ్గుతుందని. ఒంటి వర్ణన ఒక పేజీన్నర చేర్చాను, అంతా ఆయన కళ్ళతోనే. జడలో మల్లెపూలు పెట్టాను, జనవరిలో, వర్జీనియాలో. కథ ఒక సంకలనంలో వచ్చింది. బాగుందన్నవాళ్ళూ ఉన్నారు.

ఆమె చదివింది. గరాజుని గుర్తుపట్టింది. మర్నాడు ఫోను చేసి గట్టిగా అరవలేదు, ఏడవలేదు. "నేను నీతో చెప్పాను, నువ్వు అందరితో చెప్పావు. పోనీ, చెప్పిందైనా నాది కాదు. నేను నవ్వాను కదే. ఆ నవ్వు ఏదీ?" అంది. కథని తర్వాతి ముద్రణ నుంచి తీయించాను. క్షమించమని అడిగాను, క్షమించానంది. ఇప్పటికీ కలిసి నడుస్తాం. పిల్లల చదువులు మాట్లాడుకుంటాం, ఊళ్ళో అమ్మకి మోకాళ్ళ ఆపరేషను సంగతి మాట్లాడుకుంటాం. అలాంటి మాట మాత్రం ఆమె నా దగ్గర మళ్ళీ ఎత్తలేదు. తప్పు నాది కాబట్టి నేనూ అడగను.

ఆ ఫోను తర్వాత నేను చాలాకాలం కథ రాయలేదు, చదివాను. ముందు క్షేత్రయ్య. కృష్ణా జిల్లా మొవ్వలోని గోపాలుణ్ణి ముద్రగా పెట్టుకుని పదిహేడో శతాబ్దంలో పదాలు కట్టినవాడు. సంగీతం క్లాసులో కొన్ని పదాలు అర్థం తెలియకుండా పాడినదాన్నే. వెల్చేరు నారాయణరావు, ఏ.కే. రామానుజన్, డేవిడ్ షుల్మన్ కలిసి 1994లో ఆ పదాలను ఇంగ్లీషులోకి తెచ్చిన పుస్తకం దొరికితే దాన్ని పక్కన పెట్టుకుని తెలుగు పదాలు మళ్ళీ చదివాను. అప్పటిదాకా నాకు తట్టని సంగతి ఒకటి తట్టింది. ఆ పదాలు గాల్లోకి పాడినవి కావు. దాదాపు ప్రతిదానిలో ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడుతూ ఉంటుంది. నాయిక చెలికత్తెతో చెప్పుకుంటుంది, చెలికత్తె వెళ్ళి గోపాలుణ్ణి నిలదీస్తుంది, వెలయాలు గుమ్మంలో నిలబడ్డ దేవుడితో డబ్బు సంగతి తేల్చుకుంటుంది. నిన్న రాత్రి ఏం జరిగిందో మనకి తెలిసేది వాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకోబట్టే. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో, దేనికి నవ్వాలో వినే మనిషిని బట్టే ఉంటుంది. మనం మధ్యలో నిలబడి వింటున్నామంతే.

గాథాసప్తశతి అంతకన్నా ఎంతో పాతది. శాతవాహన రాజు హాలుడి పేరుమీద ఉన్న ఆ ప్రాకృత గాథల్లో చాలావాటిలోనూ అదే పద్ధతి. బాటసారికి ఇంట్లో ఎవరి పక్క ఎక్కడుందో చూపించి, చీకట్లో పొరపాటున మా మీద పడేవు సుమా అని జాగ్రత్త చెప్పే ఇల్లాలు అందులో ఉంది. అత్తగారికి అది హెచ్చరికలాగే వినిపించాలి, బాటసారికి ఆహ్వానంలా వినిపించాలి. ఆ గాథలో ఒంటి వర్ణన లేదు, చీర జారడం లేదు. అక్కడే అత్తగారు ఉన్నారు. హెర్న్‌డన్ టౌన్‌హోములోనూ పక్కగదిలో అత్తగారే కదా ఉన్నది!

ఆ తర్వాత ముద్దుపళని. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉండి రాధికా సాంత్వనం రాసిన కవయిత్రి. ఆ కావ్యం చరిత్ర ఇప్పటికీ నాకు కోపం తెప్పిస్తుంది. వీరేశలింగం గారంతటివారు కవుల చరిత్రలో దాన్ని బూతని తోసిపుచ్చారు. అందులోవి ఆడదాని నోట రాదగ్గ మాటలు కావన్నారు. 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, కోతల్లేకుండా పరిష్కరించి, వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించింది. సిగ్గూ బిడియమూ ఆడవాళ్ళకేనా, మగకవులకు అక్కర్లేదా అని పీఠికలో సూటిగా అడిగింది. 1911లో మద్రాసు పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. నిషేధం పోవడానికి 1947లో టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం కావలసి వచ్చింది. ఆ కావ్యమంతా నేటి మనసుకి ఒప్పేదని నేననను. కృష్ణుణ్ణి పెళ్ళాడే ఇలాదేవి వయసు గురించిన భాగాలు నేను చదవలేక పక్కన పెట్టాను. కానీ రాధ అలక ఉందే, దాని దగ్గర ఆగిపోయాను. ఆవిడ కాదంటుంది. ఆ కాదనడానికి బరువుంది. కృష్ణుడంతటివాడు వచ్చి బతిమాలుకోవాలి. బతిమాలినా ఆవిడ మనసు కరగకపోవచ్చు. కరుగుతుందో లేదో తెలియకపోవడంలోనే కావ్యం నడుస్తుంది. నంది తిమ్మన సత్యభామ అయితే కాళ్ళమీద పడిన కృష్ణుడి తలని తన్నింది, తెలుగువాళ్ళు ఐదు వందల ఏళ్ళుగా ఆ తన్నుని మెచ్చుకుంటున్నారు.

తాడు పుస్తకాల్లో అలక లేదు. వద్దన్నా ఒకటే, కావాలన్నా ఒకటే. అందుకే వాటిలో ఎంత ఒళ్ళు చూపించినా ప్రాణం ఉండదు. నా స్నేహితురాలు "తియ్యి" అంది, ఆయన తీశాడు, ఆమె నవ్వింది. ఆమె కాదనగలిగింది, ఆయన విన్నాడు, ఆ వినడంలోంచి కోరిక పుట్టింది. నా కథలో ఆ మూడిటినీ నేనే చంపి, శవానికి మల్లెపూలు పెట్టాను. ఇంకో సంగతి ఇంకా బాధించింది. ఆమె ఆ రాత్రిని లోకంతో చెప్పలేదు. చలిలో పక్కన నడుస్తున్న నాతో చెప్పింది. వినే చెలికత్తెని నేను. కథలోంచి నన్ను నేను తప్పించేసుకుని, తలుపు సందు దగ్గర ఎవరో తెలియని కళ్ళకి నా చోటు ఇచ్చేశాను.

దీనికి విరుగుడుగా మళ్ళీ ఒక తప్పు చేశాను, అది త్వరగా చెప్పేస్తాను. భయపడి ఒళ్ళే లేకుండా రాయడం మొదలుపెట్టాను. వెన్నెల, వేణువు, రెండు ఆత్మలు, పెద్ద పెద్ద సమాసాలు. ఎవరినీ నొప్పించవు, ఎవరికీ ఏమీ అనిపించదు. అన్నమయ్య శృంగార కీర్తనలని అధ్యాత్మ కీర్తనలతో పాటు రాగిరేకుల మీద చెక్కించిన భాష మనది. తిరుమలలో సిగ్గుపడని భాషని హెర్న్‌డన్‌లో నేను ఎందుకు దాచాలి?

ఇప్పుడు రాసేచోటు మా ఊరి ఫోర్ట్‌నైట్లీ గ్రంథాలయం. 1889లో ఇక్కడి ఆడవాళ్ళు పక్షానికోసారి కలిసి పుస్తకాలు చదువుకోవడానికి పెట్టుకున్న క్లబ్బు పేరు దానికి మిగిలింది, ఊరికి మొదటి గ్రంథాలయం పెట్టింది వాళ్ళే. కొత్త కథ మొదలుపెట్టే ముందు కాగితం పైన రెండు గీతలు గీసుకుంటాను. ఒకటి చెప్పేవాళ్ళకి, ఒకటి వినేవాళ్ళకి. రెండో గీత మీద మనిషి కూర్చునేదాకా మొదటి వాక్యం రాయను. ఎవరి సంగతైనా తీసుకుంటే వాళ్ళకి ముందు చదివి వినిపిస్తాను. కొట్టేయమన్నది కొట్టేస్తాను.

ప్రస్తుతం రాస్తున్నది తెనాలి పిన్నిగారి కథ. కూతురి దగ్గరికి వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్ళారు. డెబ్బై దాటిన మనిషి. పక్కగదిలో దగ్గే అత్తగార్ల గురించి నేను అదే పనిగా రాస్తున్నానని కూతురు చెబితే, "ఆ అత్తగారికీ ఒక మొగుడుండేవాడమ్మాయ్" అని నన్ను పిలిచి కూర్చోబెట్టి చెప్పారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి, పిల్లలు హాస్టళ్ళకి వెళ్ళాక, మొదటిసారి తను అడిగానని చెప్పారు. అడిగితే ఆయన కంగారుపడి రేడియో కట్టేశారట. ఇప్పుడు ఫోనులో చదివి వినిపిస్తున్నాను, ఆవిడకి పొద్దున్న, నాకు రాత్రి. మొదటి చిత్తులో అలవాటు కొద్దీ మళ్ళీ మల్లెపూలు వచ్చేశాయి. తీసెయ్యమన్నారు, ఆయనకి ఉబ్బసం, పూల వాసన పడేది కాదు, వాటి బదులు తలంటుకున్న కుంకుడుకాయ వాసన రాయమన్నారు. రాశాను. ఊరి పేరు ఉంచమన్నారు, వీధి పేరు వద్దన్నారు. ఒక్కచోట మాత్రం మాకు పొసగడం లేదు. ఆయన పోయిన సంగతితో నేను కథ ముగించాను. అది నీ కథేమో గానీ నాది కాదు, నేను అడిగిన రాత్రి దగ్గరే ఆపమంటారు ఆవిడ. పోవడం లేకపోతే ఇన్నేళ్ళ తర్వాత నాతో ఎందుకు చెబుతున్నారో చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుందని నేనంటాను. నిన్న రాత్రి కూడా దీనిమీద గంటసేపు వాదించుకున్నాం.