అగ్నిసాక్షి, యంత్రనేత్రం

వేదాంతంలో అతిసూక్ష్మమైన పదాలలో 'సాక్షి' ఒకటి. సాక్షాత్తుగా చూచేవాడే సాక్షి అని పాణిని వ్యాకరణం. ముండకోపనిషత్తులో ఒకే వృక్షంపై రెండు పక్షులుంటాయి. ఒకటి ఫలాన్ని భుజిస్తుంది, రెండవది భుజింపక చూస్తూ ఉంటుంది. ఆ రెండవ పక్షి ఉద్యోగమే ఇప్పుడు నాకు అప్పగింపబడింది. రాబోయే వైశాఖంలో తిరుమలాయపాలెంలో మా మేనకోడలి వివాహం. "మామయ్యా, ఫొటోలు నువ్వే తీయాలి" అని ఆ బిడ్డ ఆజ్ఞ.

ముహూర్తం రాత్రివేళ, ఇంటి ముంగిటి తాటాకు పందిరిలో. కనుక ప్రథమ విచారం కాంతిని గురించి. నా వద్దనున్న జూమ్ కటకం ద్వారం ఎఫ్/4. దానికి బదులు ఎఫ్/1.8 గల 50 మి.మీ. కటకం ఒకటి ఖమ్మంలో అద్దెకు తీసుకోవాలని నిశ్చయించాను. అది సుమారు ఐదింతల వెలుతురును లోనికి రానిస్తుంది. ఫ్లాష్ వాడబోను. హోమధూమంపై పడిన ఫ్లాష్ వెలుగు తెల్లని తెరగా వెనుదిరిగి వచ్చి వధూవరుల ముఖాలను కప్పివేస్తుంది. పైగా తెరసెల్లా తొలగిన క్షణాన వారి కనుల ముందు మెరుపు మెరిపించడం నాకు అపచారంగానే తోస్తుంది.

పందిరిలో ఎల్‌ఈడీ దీపాలున్నాయి. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు గలది. అందువల్ల నాసిరకం దీపాలు సెకనుకు 100 మార్లు స్పందిస్తాయి. షట్టర్‌ను 1/100 వద్ద నిలిపితే చిత్రంపై చారలు పడవు. నిశ్శబ్ద ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఈ చారల బాధ మరింత అధికం. మంత్రోచ్చారణ మధ్య టక్కుమను శబ్దం ఇష్టం లేకున్నా మెకానికల్ షట్టర్‌నే ఎంచుకున్నాను. భాజాభజంత్రీల నడుమ దాని ధ్వని ఏపాటిది! ఇక రెండు కార్డులలో ఏకకాలంలో భద్రపరచే కెమెరా, అదనపు బ్యాటరీలు — ఇవి చెప్పనక్కరలేనివి.

పరికరాలకన్న ముఖ్యమైన సన్నాహం పురోహితుల వద్ద కూర్చొని క్రమాన్ని వ్రాసుకోవడం. సుముహూర్తమంటే మాంగల్యధారణ అని పెక్కుమంది ఛాయాచిత్రకారులు భ్రమిస్తారు. మన సంప్రదాయంలో ఆ లగ్నక్షణం జీలకర్ర-బెల్లానిది. ఒకరి శిరస్సుపై ఒకరు చేయి ఉంచి, తెర తొలగగా ఒకరినొకరు వీక్షించే ఆ నిమేషమే వివాహానికి హృదయం. అది చుట్టూ మూగిన పెద్దల భుజాల వెనుక మరుగునపడి, ఆల్బములలో తరచు కానరాదు.

"పంతులుగారూ, ఇంకొక్కసారి" అనే మాట ఎన్ని పందిళ్ళలో విన్నానో. లగ్నబద్ధమైన క్రియకు పునరావృత్తి ఎక్కడిది? రెండవమారు వేసిన ముడి కేవలం అభినయం. చిత్రంలో నిలిచేది ఆ అభినయమే. భద్రాద్రిలో శ్రీరామనవమినాడు అభిజిల్లగ్నాన జరిగే సీతారామ కల్యాణాన్ని స్మరించండి. మిథిలా ప్రాంగణంలో అశేష జనం చూచే ఆ ఉత్సవం, 2020, 2021 సంవత్సరాలలో కరోనా కారణంగా భక్తజనం లేకుండానే ఆలయం లోపల జరిగింది. చూచేవారు లేనందున కల్యాణం కొంచెమైనా కొరతపడిందా? అగ్ని ఉన్నాడు, మంత్రం ఉంది, లగ్నం ఉంది.

దృగ్దృశ్య విచారం చేసేవారు నేత్రాన్ని కూడ దృశ్యకోటిలోనే చేరుస్తారు. నేత్రాన్ని మనస్సు ఎరుగుతుంది, మనస్సును సాక్షి ఎరుగుతాడు. కెమెరా ఆ దృశ్యకోటిలో చేరిన మరియొక వస్తువు మాత్రమే. దానిని చేత పట్టినంత మాత్రాన నేను రెండవ పక్షిని కాను. చక్కని చిత్రం దొరకాలనే తహతహ కూడ ఫలాన్ని కొరికే ముక్కే.

ఈ విచారం నాకు ఊరక కలుగలేదు. వధువును గంపలో కూర్చుండబెట్టి మంటపానికి తెచ్చేది మేనమామలు. "గంప పట్టడానికి చిన్నోడున్నాడు గదరా, నువ్వు ఫొటోలు చూసుకో" అన్నది మా అక్క. రెండు రాత్రులు ఆలోచించి కాదన్నాను. పుట్టిననాడు ఈ రెండు చేతులలోకి అందుకున్న బిడ్డ. ఆ పది అడుగుల దూరం కెమెరా నా మెడలో ఉండదు. పొరుగింటి కుర్రవాడికి రెండవ కెమెరా ఇచ్చి, 1/100 వద్ద షట్టర్‌ను స్థిరపరచి, ఎక్కడ నిలవాలో గీత గీసి చూపుతాను. అతడు ప్రతి సాయంకాలం వచ్చి, పశువుల కొట్టంలోని మసక వెలుగులో మా ఆవుదూడపై అభ్యాసం చేస్తున్నాడు. దూడ నిలకడగా ఉండదు గనుక, పెళ్ళికూతురు సులభమే అంటున్నాడు.