నిమ్మలకుంటలో వెలిగే తోలు

నిమ్మలకుంటలో మేకతోలును ముందు వెలుతురుకు పట్టి చూస్తారు. నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బిగలాగి ఎండబెట్టిన తోలు అది. అవతల చెయ్యి ఆడిస్తే ఇవతలికి నీడ కనబడాలి. కనబడని తోలు మీద ఎంత మంచి రంగు వేసినా దండగే.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని ఈ ఊరు తోలుబొమ్మల కళాకారులది. ఇంట్లో మరాఠీ మాట, తెర మీద తెలుగు రామాయణం. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

నేను ఎక్కువసేపు చూసింది చిల్లులు కొట్టే పనినే. సీత నగలు, రావణుడి కిరీటాలు రంగుతో మెరవవు. ఆ మెరుపంతా చిల్లులది. చెక్కదిమ్మ మీద తోలు పరిచి, రకరకాల మొనలున్న ఉలులను సుత్తితో కొడుతూ పోతారు. పగటి వెలుగులో అవి ఉత్త రంధ్రాలు. వెనక బల్బు వెలిగిందా, కంఠహారం, వడ్డాణం, ముక్కుపుడక! రంగులోంచి వచ్చే కాంతి మెత్తన, చిల్లులోంచి వచ్చేది సూటి. నగ నగలా కనబడేది ఈ తేడా వల్లే. అందుకే తోలును కప్పేసే రంగులు కాక, కాంతిని పోనిచ్చేవే ఎంచుకుని రెండు వైపులా పూస్తారు.

పూర్వం తెర వెనక ఆముదపు దీపాలుండేవి. గాలికి మంట కదిలితే నీడా కదిలేది. తర్వాత పెట్రోమాక్స్, ఆపైన కరెంటు బల్బు.

సినిమా, టీవీ వచ్చాక రాత్రంతా సాగే ఆటకు పిలుపులు తగ్గాయి. బతుకుతెరువు కోసం అదే తోలు, అదే ఉలి ల్యాంప్‌షేడ్ల వైపు తిరిగాయి. ఇనుప చట్రానికి తడి తోలు చుట్టి కుట్టేస్తే, ఆరేసరికి డోలులా బిగుస్తుంది. దాని మీద నెమళ్లు, చెట్లు, దశావతారాలు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఈ ఇళ్లకు ల్యాంప్‌షేడ్ అన్నం పెడుతోంది, కాదనలేం. కానీ నిలువెత్తు హనుమంతుణ్ణి పట్టుకుని చూస్తే మరో విద్య తెలుస్తుంది. భుజం, మోచెయ్యి, నడుము అన్నీ విడి ముక్కలే, దారంతో ముడివేసినవి. బొమ్మ ఎక్కడ వంగాలో, ఎలా నడవాలో తెలిసినవాడే వాటిని అలా కోయగలడు. దీపానికి ఆ లెక్క అక్కర్లేదు. ఆట ఆగిపోతే ఆ లెక్క పిల్లలకు నేర్పే పనే ఉండదు. నాకున్న బెంగ అదే.

ధర్మవరానికి పట్టుచీరల కోసం వచ్చేవాళ్లు ఇటు కూడా వచ్చి దీపాలు కొనాలి. కొనేటప్పుడే మీ ఊరి జాతరకో, బడి వార్షికోత్సవానికో ఒక రాత్రి ఆట మాట్లాడుకోండి. హార్మోనియం, మద్దెల, తాళాలతో బృందం వస్తుంది. లంకాదహనం ఆడమని అడగండి.