ఇడుపులపాయ నుంచి రష్యన్ దాకా

ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఇంజనీరింగు చదువులది. రష్యన్ భాషా సాహిత్యాల్లోనే పట్టా కావాలంటే హైదరాబాదు బండి ఎక్కాలి. ఆంగ్ల బోధన కోసం 1958లో అక్కడ పుట్టిన కేంద్ర సంస్థలో 1972 నాటికి జర్మన్, ఫ్రెంచి, రష్యన్ కూడా చేరాయి. 2007లో అది ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

రష్యన్‌లో 33 అక్షరాలు. లిపికి భయపడనక్కర్లేదు, చేయి తొందరగానే తిరుగుతుంది. కష్టమంతా ఆరు విభక్తుల దగ్గర. తెలుగులో ‘పాత పుస్తకం’ కాస్తా ‘పాత పుస్తకంలో’ అయినా ‘పాత’ చెక్కుచెదరదు. రష్యన్‌లో ‘స్తారయా క్నీగా’ ఆ చోట ‘ఫ్ స్తారయ్ క్నీగె’ అవుతుంది. విశేషణమూ వేషం మార్చాల్సిందే. మరోపక్క ‘నేను విద్యార్థిని’ అన్నప్పుడు తెలుగులాగే రష్యన్‌కూ క్రియ అక్కర్లేదు. ఇంగ్లిషు మీదుగా వెళ్లేవారికి ఈ సుళువు కనబడదు.

సాహిత్యంలో మొదట తికమకపెట్టేవి పేర్లు. దొస్తయేవ్‌స్కీ ‘నేరము–శిక్ష’ నాయకుడు రదియోన్ రమానవిచ్ రస్కోల్నికవ్. నడిమి పేరు తండ్రిది. తల్లికి మాత్రం అతను రోద్యా. ఎవరు ఏ పేరుతో పిలిచారో గమనిస్తే చాలు, సగం బంధుత్వాలు తెలిసిపోతాయి. అనువాదాల్లో ఇది తరచు జారిపోతుంది.

అనువాదాలకు తెలుగులో కొదవ లేదు. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలోనే ఉండి చేసిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్‌తోపాటు ఆ సరఫరా కూడా ఆగిపోయింది.