ఆఫీసు అయ్యాక ఛందస్సు

ఇల్లు సద్దుమణిగాకే నా యూట్యూబ్ పని మొదలవుతుంది. చప్పుడు రికార్డవుతుందని ఫ్యాను ఆపేసి, చెమటలు తుడుచుకుంటూ పద్యపాఠం చెబుతాను. ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ గణాలు, పదో అక్షరం యతి. చెప్పడానికి ఇంతే. కానీ గురువెక్కడో లఘువెక్కడో చెవికి పట్టేలా చదివి వినిపించాలంటే, ఉన్న ఆ కాస్త సమయమూ దానికే సరిపోతుంది. అందుకే హంగులన్నీ వదిలేశాను. ఉద్యోగం చేసుకునేవాళ్లకు రోజుకో వీడియో అనే పరుగు వద్దంటాను. వారానికి ఒక్కటైనా చాలు, అది శ్రద్ధగా చేసినదైతే.

ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే, షార్ట్స్ దారి కాకుండా, 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అంటే ఎనిమిది నిమిషాల పాఠాన్ని 30,000 సార్లు చివరిదాకా చూడాలి! ఛందస్సుకు అది చిన్న లెక్కేమీ కాదు. నెలనెలా జీతం వస్తోంది కాబట్టి ఆ లెక్క నన్ను తొందరపెట్టదు. జనం ఎగబడే విషయం కోసం వెతుక్కోకుండా, నేను ప్రేమించేదే చెప్పగలుగుతున్నాను. ఇంతకన్నా ఏం కావాలి?

మొన్న ఒక రిటైర్డు మాస్టారు జీవితంలో తొలిసారి ఉత్పలమాల రాసి పంపారు. గణాలన్నీ కుదిరాయి, మూడో పాదంలో మాత్రం యతి తప్పింది. వచ్చే పాఠం యతిమైత్రి మీదే చేస్తానని ఆయనకు రాశాను.