ఆటకు అన్నము పెట్టువారు

కొల్లాపూరు పట్టణమున సురభి వంశపు రాజుల కోట నేటికిని నిలిచియున్నది. కృష్ణానదికి ఉత్తరముగా, మామిడితోపుల నడుమనున్న యీ యూరు ఒకప్పుడు జటప్రోలు సంస్థానమునకు రాజధాని. ఆ వంశమున పుట్టిన సురభి మాధవరాయలు స్వయముగా కవి. చంద్రికాపరిణయమను ప్రబంధమును రచించెను. పాలమూరు సీమలోని సంస్థానాధీశులు కవిపండితులను సభలకు రప్పించి సత్కరించెడివారు. కొందఱికి యేటేట వార్షికములు ఇచ్చెడివారు. పద్యము చెప్పుట ఘనమైన విద్యయే. కాని చెప్పినవానికి పూట గడువవలెను గదా! వార్షికము అందినన్నాళ్లు కవి నిశ్చింతగా పద్యము చెప్పెను. సంస్థానములు పోయిన పిదప ఆ యేర్పాటును పోయినది.

ఆటలాడువారి సంగతియు ఇంచుమించు ఇట్టిదే. ఈ సీమ బడులలో ఆడపిల్లలు కబడ్డీ, ఖోఖో ఆడుదురు. కొందఱు మగపిల్లలను మించి ఆడుదురు. పదవ తరగతి దాటినంతనే వారిలో పెక్కుమంది ఆట మానివేయుదురు. కాలిలో సత్తువ తగ్గి మానుట కాదు. “ఈ యాట వలన నీకు వచ్చునదేమి?” అని యింటివారు అడిగినప్పుడు చెప్పుటకు జవాబు లేక మానుదురు. ఆ ప్రశ్నను త్రోసిపుచ్చుటకు వీలులేదు. అది అన్నము గూర్చిన ప్రశ్న. ఒక దేశపు స్త్రీలు చిరకాలము పాటుపడి దానికి కొంత జవాబు సంపాదించిరి. ఆ దేశము ఆస్ట్రేలియా. ఆ యాట నెట్‌బాల్.

నెట్‌బాల్ ఆడుచోటు 100 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు గలది. రెండు కొనలయందును స్తంభములు, వానిపై పదియడుగుల యెత్తున ఇనుప వలయము, దానికి వ్రేలాడు వల. బాస్కెట్‌బాల్‌లో వలె వలయము వెనుక పలక యుండదు. కావున గురి తప్పిన బంతి పలకకు తగిలి వలలో పడునను ఆశ లేదు. ఒక్కొక్క పక్షమున ఏడుగురు ఆడుదురు. బంతిని నేలకు కొట్టుచు పరుగెత్తరాదు. అందుకొన్నామె మూడు సెకండ్లలోపల దానిని విడువవలెను. అడ్డగించునామె మూడడుగుల దూరమున నిలువవలెనే కాని మేను తాకి అడ్డగింపరాదు. స్థలమును అడ్డముగా మూడు భాగములు చేయుదురు. ఎవరు ఏ భాగమున తిరుగవచ్చునో వారు ధరించిన అక్షరములే తెలుపును. బంతిని వలయమున వేయు అధికారము ఏడుగురిలో ఇద్దఱికి మాత్రమే కలదు. తక్కిన ఐదుగురు ఎంతటి నేర్పరులైనను ఒక్క గోలు వేయరాదు. ఆట చూడ వచ్చినవారు గోలు వేసినామెకే చప్పట్లు కొట్టుదురు. ఆ బంతి ఎవరి చేతుల మీదుగా వచ్చినదో కనిపెట్టువారు కొలదిమంది.

ఈ నియమముల వెనుక ఒక చరిత్ర కలదు. 1891లో జేమ్స్ నైస్మిత్ అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటను కల్పించెను. అది కొలదికాలములోనే ఇంగ్లండు చేరి, అచ్చటి స్త్రీల వ్యాయామ విద్యాలయములలో క్రమముగా వేఱొక రూపము దాల్చెను. 1901లో దాని నియమములు అచ్చుపడినవి. ఆ కాలపు స్త్రీలు పాదముల దాక జీరాడు దుస్తులతో ఆడవలసివచ్చెను. స్త్రీలు మితిమీరి పరుగెత్తరాదు, ఒకరినొకరు త్రోసికొనరాదు అను ఆనాటి పెద్దల యభిప్రాయము నియమములలో స్పష్టముగా కానవచ్చును. విచిత్రమేమనగా, ఆడువారిని నెమ్మదిగా ఉంచుటకు పెట్టిన కట్టుబాట్లే ఆ యాటకు వేగమును తెచ్చిపెట్టినవి. బంతితో పరుగెత్తరాదనుటచే బంతియే పరుగెత్తవలసివచ్చెను.

నానాదేశముల నియమములను ఒకటిగా చేయు సమావేశము 1960లో మన పొరుగుననున్న సింహళమున జరిగినది. ఆ ద్వీపమున ఈ యాట గట్టిగా వేళ్లూనినది. 2018లోను, 2022లోను ఆసియా విజేత శ్రీలంక జట్టే. ఆ జట్టునందలి తర్జిని శివలింగము యాళ్పాణము ప్రాంతపు తమిళ వనిత. ఆమె ఎత్తు రమారమి ఆరడుగుల పది అంగుళములు! ఆమె చేయెత్తి నిలిచినచో బంతిని లాగికొనుట ఎవరి తరము?

ఆస్ట్రేలియాలో ఈ యాటను 1970 వఱకు స్త్రీల బాస్కెట్‌బాల్ అనియే పిలిచెడివారు. 1927లోనే అచ్చటి స్త్రీలు దేశమంతటికి ఒక సంఘమును స్థాపించుకొనిరి. ఊరూర తల్లులు ఆడిరి. పిదప కూతుండ్రు ఆడుచుండగా తల్లులు ఈల చేతబూని న్యాయనిర్ణేతలైరి. అప్పుడు జీతము లేదు. ప్రయాణపు ఖర్చులు కూడ తామే పెట్టుకొనిరి. 2008లో ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములు చెరి ఐదు జట్లతో ఉమ్మడి పోటీని ప్రారంభించినవి. అది 2016తో ముగిసెను. మఱుసటి యేడు, 2017లో, ఆస్ట్రేలియా తన సొంత లీగును నెలకొల్పెను. దాని పేరు సూపర్ నెట్‌బాల్. ఎనిమిది జట్లు, జట్టుకు పదిమంది చొప్పున ఎనుబదిమంది స్త్రీలు. మొదటి రెండేండ్లు సన్‌షైన్ కోస్ట్ లైట్నింగ్ జట్టు గెలిచెను. 2020లో నిర్వాహకులు ప్రేక్షకుల ఉత్సాహమునకై ఒక క్రొత్త నియమము తెచ్చిరి: ప్రతి పావు ఆటలోను చివరి ఐదు నిమిషములయందు దూరమునుండి వేసిన గోలుకు రెండు పాయింట్లు. చిరకాలముగా ఆట నెఱిగిన పలువురు దానిని మెచ్చరైరి. టెలివిజనులో ఆటను అమ్మవలసినప్పుడు ఇట్టి వేషములు తప్పవు కాబోలు.

లీగు ఏర్పడినంతమాత్రమున అన్నము స్థిరపడలేదు. 2023 ఆగస్టులో కేప్‌టౌన్ నగరమున ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండును 61–45 తేడాతో ఓడించి పండ్రెండవసారి ప్రపంచ విజేత అయ్యెను. సెప్టెంబరు చివర ఆటగత్తెల జీతముల ఒప్పందమునకు గడువు తీరినది. లీగు ఆదాయము పెరిగినప్పుడు అందు తమకును భాగముండవలెనని వారు కోరిరి. సంఘము వెంటనే అంగీకరింపలేదు. క్రొత్త ఒప్పందము కుదురువఱకు, రెండు నెలలకు పైగా, ఆ ఎనుబదిమందికిని జీతము లేదు. ప్రపంచ విజేతలకును లేదు. ఐనను వారు విడిపోలేదు. డిసెంబరులో ఒప్పందము కుదిరెను. ఆదాయములో భాగము దొరకెను. ఆ యేడే మఱొక సంగతి జరిగినది. పురుషుల ఫుట్‌బాల్‌లో పేరుగాంచిన కాలింగ్‌వుడ్ సంఘము 2017 నుండి నడిపిన తన నెట్‌బాల్ జట్టును ఎత్తివేసెను. పోషకుడు చేయి విడిచినను లీగు కూలలేదు. మెల్‌బోర్న్ మావరిక్స్ అను క్రొత్త జట్టు 2024లో ఆ స్థానమును నింపినది. సంస్థానములకు లేని బలము దీనికి ఎచ్చటినుండి వచ్చినది? ఊరూర ఆ యాట ఆడు స్త్రీలే చూచువారు, టిక్కెట్టు కొనువారు, బిడ్డలను ఆటకు పంపువారు. వార్షికమిచ్చు ప్రభువు ఒక్కడు కాడు.

తెలుగునాట ఇట్టి ప్రయత్నము ఒకసారి కంటబడినది. 2014లో ఎనిమిది జట్లతో ప్రారంభమైన ప్రో కబడ్డీ లీగులో తెలుగు టైటాన్స్ ఒకటి. 2016లో ఆ లీగువారే పురుషుల పోటీతోపాటు మూడు మహిళా జట్లకు పోటీ నడిపిరి. తుదిపోరు జులై 31న హైదరాబాదులోని గచ్చిబౌలి క్రీడామందిరమున జరిగెను. తేజస్వినీబాయి నాయకత్వమున స్టార్మ్ క్వీన్స్, మమతా పూజారి నాయకత్వమున ఫైర్ బర్డ్స్ తలపడినవి. స్టార్మ్ క్వీన్స్ 24–23తో, అనగా ఒక్క పాయింటుతో, గెలిచెను. అదే రోజున అచ్చటనే జరిగిన పురుషుల తుదిపోరులో పాట్నా జట్టు ఎనిమిది పాయింట్ల తేడాతో గెలిచెను. ఉత్కంఠలో ఏది మిన్నయో లెక్కలే చెప్పును.

మఱుసటి యేడు పురుషుల లీగు పండ్రెండు జట్లకు పెరిగినది. మహిళల పోటీ జరుగలేదు. నేర్పు చాలక ఆగినదని చెప్పుటకు వీలులేదు. 2010, 2014 ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన స్త్రీలు అందు ఆడిరి. కాని ఆ పోటీకి ఊరూర తనదని చెప్పుకొను జట్టు లేదు. పురుషుల జట్లకు పాట్నా, జయపురము, తెలుగువారు అని పేళ్లుండగా, మహిళల మూడు జట్ల పేళ్లు అగ్ని, మంచు, తుపాను. ఏ యూరి పిల్ల ఏ జట్టును తనదనుకొనవలెను?

రెండు స్వర్ణములందును పాలుగల మమత కర్ణాటకలోని కార్కళ ప్రాంతపు యువతి. కబడ్డీ నేర్పును చూచి ఆమెకు కొలువిచ్చినది సికింద్రాబాదు కేంద్రముగా గల దక్షిణమధ్య రైల్వే. రైల్వే కొలువు చిన్నది కాదు. ఎందఱో క్రీడాకారిణుల యింట పొయ్యి వెలిగించినది అదియే. మహిళల పోటీ ఆగిన యేటను ఆటగత్తెలు రైల్వే జట్టు పక్షమున జాతీయ పోటీలకు సాధన చేయుచునే యుండిరి.