మిలాన్‌లో ఒక కడ్వీ షామ్

కసమ్ చేసి ఫోన్ పెట్టేసిన తర్వాతే నాకు భయం పుట్టింది.

మావాడికి ఒక రిష్తా వచ్చింది. ఎవరో, ఏ ఊరో రాయను. అమ్మాయి అమ్మీ చాలా అదబ్ ఉన్న మనిషి. చదువు, ఉద్యోగం, ఖాందాన్ అన్నీ మాట్లాడుకున్నాక కొంచెం ఆగి, "ఆపా, ఒక మాట అడుగుతా, బురా అనుకోవద్దు. అబ్బాయి ఆరేళ్ళుగా ఆ దేశంలో ఉన్నాడు గదా, అట్లాంటి అలవాట్లేమీ లేవు గదా?" అంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అల్లా కసమ్, నా కొడుకు జిందగీలో ముట్టలేదు" అన్నా.

ఫోన్ పెట్టేశాక యాద్ వచ్చింది. అంతకు నెల ముందు మావాడి వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫోటో చూశా. ఆఫీసు వాళ్ళంతా ఒక బల్ల చుట్టూ నిలబడి నవ్వుతున్నారు. అందరి చేతుల్లో గ్లాసులు. మావాడి చేతిలోనూ ఉంది, ఎర్రగా. అప్పుడు ఏదో షర్బత్ అనుకొని వదిలేశా. ఇప్పుడు ఆ ఎరుపు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

సెప్టెంబర్‌లో మిలాన్ వెళ్ళా. నేను ఇటలీ చూడ్డం అదే మొదలు. మూడో రోజు అడిగా, "బేటా, మీ ఆఫీసు వాళ్ళతో గురువారం సాయంత్రాలు ఎక్కడికి పోతావు?" అని. వాడు నా మొహం చూశాడు. నేను ఏం అడుగుతున్నానో తెలిసిపోయింది. "చెబితే నీకు అర్థం కాదు అమ్మీ, చూపిస్తా" అన్నాడు. మర్నాటికే ఒక గైడ్‌తో నడిచే టూర్ బుక్ చేశాడు. దాని పేరు అపెరితీవో నడక. రాత్రి భోజనానికి ముందు ఇక్కడి వాళ్ళు ఏం తాగుతారు, ఏం తింటారు అని మూడు చోట్ల చూపిస్తారు. మాకు రెండూ శరాబ్ లేనివే కావాలని, పంది మాంసం వద్దని ముందే రాశాడట.

"శరాబ్ పెట్టిన దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దని హదీస్ ఉంది, తెలుసా?" అన్నా.

"తెలుసు అమ్మీ. అందుకే ఆరేళ్ళుగా సగం సాయంత్రాలు ఇంట్లో ఒంటరిగా ఉన్నా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చెప్పులేసుకుని బయలుదేరా.

ఆరు గంటలకు పెద్ద చర్చి పక్కన ఉన్న గాలెరియాలో కలిశాం. పైన అద్దాల కప్పు, కింద రాళ్ళతో బొమ్మలు పొదిగిన నేల. 1867లో తెరిచిన బజారు అది. మా గుంపులో ఆరుగురం. నేను, మావాడు, బ్రెజిల్ నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు, జర్మనీ నుంచి వచ్చిన ముసలి మియా బీవీ. గైడ్ నలభై ఏళ్ళ మనిషి, చేతులు ఊపుతూ ఇంగ్లీషులో మాట్లాడుతుంది. నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠం చెప్పినదాన్ని. ఎవరైనా బాగా చెబుతుంటే నాకు కోపం కూడా ఆగిపోతుంది.

ఆమె చెప్పింది: అపెరితీవో అంటే తెరిచేది. లాటిన్‌లో తెరవడం అనే మాట నుంచి వచ్చింది. చేదు నాలుకకు తగిలితే కడుపు తెరుచుకుంటుంది, ఆకలి పుడుతుంది. 1786లో తూరిన్ నగరంలో కర్పానో అనే ఆయన వైన్‌లో మూలికలు కలిపి వెర్మూత్ చేసి అమ్మాడు. 1860లో నొవారాలో గాస్పరే కంపారి ఎర్రటి చేదు పానీయం తయారు చేశాడు. తర్వాత మిలాన్ వచ్చి ఇదే గాలెరియాలో దుకాణం పెట్టాడు. వాళ్ళ కొడుకు 1915లో తెరిచిన బారు ఇప్పటికీ ఆ మూల మీద ఉంది. ఆ ఎరుపు ఎక్కడిదో తెలుసా అని అడిగి, తనే చెప్పింది. కాక్టస్ మీద పెరిగే చిన్న పురుగులను ఎండబెట్టి తీసిన రంగు, 2006 దాకా అదే వాడారని. "యా అల్లా, కీడోంకా రంగ్!" అని నేను పైకే అనేశా. మావాడు తర్జుమా చేశాడు. అందరూ నవ్వారు.

వెర్మూత్‌కు ఆ పేరు ఒక మూలిక నుంచి వచ్చిందని ఆమె ఒక ఎండు కొమ్మ చూపించింది. వాసన చూశా. చిన్నప్పుడు కడుపులో పురుగులకు మా ఊరి హకీమ్ సాబ్ ఇచ్చే అఫ్సంతీన్! నోట్లో పెట్టుకుంటే రెండు రోజులు చేదు పోయేది కాదు. మన దగ్గర యూనానీ దవా అయినది ఇక్కడ వైన్‌లోకి చేరింది. ఒకే మొక్క. నియ్యత్‌లు వేరు.

తెరవడం అన్న మాట మాత్రం నాతోనే వచ్చింది. మనమూ రోజా ఖోల్నా అంటాం గదా. సూరజ్ మునిగే వేళ, ఒక ఖజూర్, ఒక గుక్క నీళ్ళు. వాళ్ళూ అదే వేళకు, చిన్న చిన్న ముక్కలు, ఒక గ్లాసు. రోజంతా మూసుకున్న నోరు మనది. రోజంతా మూసుకున్న మనసు వాళ్ళదేమో.

మొదటి చోట మావాడు నా ముందు ఒక చిన్న సీసా పెట్టాడు. అరచేతిలో దాక్కునేంత. నారింజ రంగు, పేరు క్రొదీనో. 1960ల నుంచి ఉందట, శరాబ్ లేదు. గ్లాసులో ఐసు, నారింజ ముక్క వేసి ఇచ్చారు. మొదట తీపి, తర్వాత నాలుక చివర కడ్వా. కాకరకాయ కూరలో బెల్లం వేస్తే వస్తుందే, అట్లా. పక్కన జైతూన్ కాయలు, ఆలూ చిప్స్, గుండ్రటి ఉప్పు బిస్కెట్లు. వాటిని తరాల్లి అంటారు. మావాడు నాకు మూడు మాటలు నేర్పాడు. ఇటలీ పోయే వాళ్ళు రాసుకోండి. అనల్కోలికో అంటే శరాబ్ లేనిది. మయాలే అంటే పంది. స్త్రుత్తో అంటే పంది కొవ్వు. ఈ మూడోది జాగ్రత్త. మాంసం కనపడకపోయినా కొన్ని రొట్టెల్లో, బిస్కెట్లలో కలుపుతారు. అడిగితే బురా అనుకోరు, లోపలికి పోయి కనుక్కొని వచ్చి చెబుతారు.

రెండో చోట పళ్ళెంలో వేయించిన జైతూన్ కాయలు వచ్చాయి. మన మిర్చి బజ్జీ రంగులో, వేడి వేడిగా. చెయ్యి చాపా. గైడ్ గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. "వద్దు, లోపల మాంసం కూరతారు, పంది కూడా ఉంటుంది" అంది. తను వైన్ తాగుతూ నా హలాల్ కాపాడింది. నాకు శుక్రియా చెప్పడానికి గొంతు పెగల్లేదు. తర్వాత టమాటా పెట్టిన రొట్టె ముక్కలు తెప్పించి నా ముందు పెట్టింది.

అక్కడే జర్మన్ తాత నా సీసా చూసి, తన సీసా ఎత్తి చూపించాడు. ఆయనదీ క్రొదీనోనే. "నేను పదకొండేళ్ళ కింద మానేశాను. నా భార్యకు ఈ నడకలు ఇష్టం, అందుకని వస్తాను" అన్నాడు. ఆమె పక్కనే నారింజ రంగు స్ప్రిట్జ్ తాగుతోంది. నేను, "మీకు కష్టంగా ఉండదా?" అని అడిగా. "రోజూ" అన్నాడు. "మీరు తాగరు. నేను తాగకూడదు. సీసా మాత్రం ఒకటే."

ఆ మాట నన్ను మిలాన్ నుంచి లేపి మా ఊళ్ళో పడేసింది.

మూడో చోటు కాలువ ఒడ్డున. నవీల్యో గ్రాందే దాని పేరు. పన్నెండో శతాబ్దంలో తవ్విన కాలువ. ఆ పెద్ద చర్చికి పాలరాయి అంతా పడవల మీద ఈ నీళ్ళలోనే వచ్చిందట. మా నెల్లూరు జిల్లా బకింగ్‌హాం కాలువ యాద్ వచ్చింది. దోమలు కూడా మా నెల్లూరు దోమలే. గట్టున పాత చాకిరేవు ఒకటి ఉంచారు, బట్టలుతికిన రాళ్ళు, మీద పెంకుల కప్పు. అప్పటికి మగ్రిబ్ వేళయింది. వజూ ఇంటి నుంచే ఉంది. గుంపు బారులోకి పోయింది. మేమిద్దరం ఆ పక్క సందు చివర, ఎవరికీ అడ్డం లేని చోట, నా దుపట్టా పరిచి నమాజ్ చదువుకున్నాం. ముసాఫిర్‌కైనా మగ్రిబ్ సగం కాదు, మూడు మూడే.

సలాం తిప్పాక అడిగా. "ఆ ఫోటోలో ఎర్రది ఏంది?"

"సాన్‌బిత్తేర్ అమ్మీ. దాంట్లో ఏమీ లేదు. నువ్వు ఇందాక తాగిన దానికి చెల్లెలు." ఒక ఊపిరి తీసుకున్నా. అప్పుడు వాడే అన్నాడు, "కానీ మొదటి ఏడాది ఒకసారి తాగా. సగం గ్లాసు. పుట్టినరోజు నాది. నాకని అందరూ వచ్చారు, నాకని పోశారు. ఇంటికొచ్చి ఏడ్చా. మళ్ళీ లేదు. నీకు ఝూట్ చెప్పలేను, దుపట్టా మీద కూర్చుని ఉన్నా."

ఆ అమ్మాయి అమ్మీకి నేనిచ్చిన కసమ్ ఆ కాలువలో పడిపోయింది.

కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే వాడు నాకు చెప్పాడు, నేను వాడికి చెప్పనిది ఒకటుంది. మా నాన్న, వాడి నానా, కామెర్లతో పోయాడని ఇరవై ఎనిమిదేళ్ళుగా చెబుతున్నా. కామెర్లు నిజమే. ఎందుకొచ్చాయో చెప్పలేదు.

అబ్బా దర్జీ. ఉదయగిరి వైపు చిన్న ఊరు మాది. మగ్రిబ్ అజాన్ అవగానే మిషన్ మూసేవాడు. చుట్టుపక్కల మగాళ్ళు మస్జిద్ వైపు పోయేవాళ్ళు, అబ్బా సారా కొట్టు వైపు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ముసల్మాన్ ఇంట్లో ఇది ఉందని పైకి అనకూడదు, ఇజ్జత్. ఒక రంజాన్ ఈద్ ముందు రాత్రి ఊరి పిల్లల బట్టలన్నీ కత్తిరించి పడున్నాయి, అబ్బా చేతులు వణుకుతున్నాయి, సూదిలో దారం ఎక్కడం లేదు. అమ్మీ లాంతరు పెట్టుకుని ఫజర్ దాకా కుట్టింది. పొద్దున అందరూ అబ్బాకు షాబాష్ చెప్పారు. నాకు పదిహేనేళ్ళప్పుడు ఆయన పోయాడు.

1992లో మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న వాళ్ళే అది మొదలుపెట్టారు. మా అమ్మీ కూడా రాత్రి బడికి పోయేది. ఊళ్ళో ఆడవాళ్ళంతా సారా కొట్టు ముందు కూర్చుంటే, అమ్మీ చాదర్ నడుముకు చుట్టుకుని వాళ్ళ మధ్య కూర్చుంది. "నీ మొగుడు పోయాడు గదమ్మా, నీకేం పని?" అన్నాడు కొట్టువాడు. "అందుకే వచ్చా" అంది. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో మొత్తం మందే ఆగింది, రెండేళ్ళకే మళ్ళీ వచ్చింది. అమ్మీ మాత్రం ఆ ఒక్క మాటకు జిందగీ అంతా తల ఎత్తుకుని బతికింది. నేనేమో అబ్బా ఐబ్ మీద పర్దా వేసి, కొడుకు విషయంలో కసమ్‌లు చేస్తున్నా.

ఇదంతా ఆ సందులో మావాడికి చెప్పా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందే చెప్పి ఉంటే ఆ సగం గ్లాసు కూడా తాగేవాణ్ణి కాదేమో అమ్మీ" అన్నాడు. నన్ను తప్పు పట్టడానికి అనలేదు. నాకు తగిలింది. హరామ్ అని చెప్పి పెంచా. ఎందుకు హరామో మన ఇంట్లోనే ఉన్న గవాహీని దాచిపెట్టా.

తిరిగొచ్చాక మౌలానా సాబ్‌ను మస్‌లా అడిగా. సచ్ అనుకుని చేసిన కసమ్ కాబట్టి దానికి పట్టుబడవు, కానీ ఇకమీద తెలియని దానికి కసమ్ చేయకు అన్నారు. మావాడి తౌబా వాడికీ అల్లాకూ మధ్య ఉన్నది, దాన్ని ఊళ్ళో చాటాల్సిన పని లేదనీ అన్నారు. అది విని ఊరుకోవచ్చు. దిల్ ఊరుకోలేదు.

ఆ అమ్మాయి అమ్మీకి ఫోన్ చేశా. "ఆపా, ఆ రోజు నేను కసమ్ చేసి ఉండకూడదు. నా కొడుకు గురించి నాకు తెలిసింది తక్కువ, నా జుబాన్ ఎక్కువ. పిల్లలిద్దరినీ పెద్దల ముందే మాట్లాడుకోనిద్దాం. మీ అమ్మాయి ఏం అడగాలన్నా వాడినే అడగనీయండి, వాడు సచ్ చెబుతాడు" అన్నా. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. "సరే ఆపా, మా వాళ్ళతో మాట్లాడి చెబుతా" అంది.

ఎనిమిది రోజులైంది. ఫోన్ రాలేదు. ఇదంతా మావాడి ఇజాజత్‌తోనే రాస్తున్నా. "నానా సంగతి కూడా రాయి అమ్మీ, ఇంకొకరి ఇంట్లో పనికొస్తుంది" అన్నాడు.

వాడు ఇప్పటికీ కొన్ని గురువారాలు పోతున్నాడు. అరగంట ఉండి, ఆ చిన్న ఎర్ర సీసా తాగి వచ్చేస్తున్నాడు. అదీ సరైనదేనా అని ఆలిమ్‌లు చెప్పాలి, నేను ఫత్వా ఇచ్చేదాన్ని కాను. నేను చేసేదల్లా, గురువారం మగ్రిబ్ తర్వాత జానిమాజ్ మీద రెండు పేర్లు చెప్పుకోవడం. ఒకటి మా అబ్బాది, మగ్‌ఫిరత్ కోసం. ఒకటి మావాడిది.

మీరూ మీ దువాల్లో యాద్ ఉంచుకోండి.