కూరలో మందు కలిపితే తాగుడు మానదు

ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. అందుకే మనలో చాలామంది మొగుడు తాగొచ్చాడన్న మాట పుట్టింట్లో కూడా చెప్పుకోరు. కంటికింద కమిలితే తలుపు తగిలిందంటారు. ఆయన పనికి పోకపోతే జ్వరమని మేస్త్రీకి కబురు పెడతారు. నిజానికి ఆ సంగతి వీధి వీధంతా తెలిసిందే! ఎవరికీ తెలియనిదల్లా ఆ ఇంటికి వెళ్ళి ఏం మాట్లాడాలన్నదే.

ఆ మాట్లాడటం కూడా నేర్చుకోవాల్సిన పనేనని పోయినేడు శిక్షణకు వెళ్ళాక నాకు తెలిసింది. నేను ఇంటర్ చదివిన మామూలు గృహిణిని. మా పొదుపు సంఘం నుంచి నన్ను పంపారు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, మాలాంటి సంఘం సభ్యులు అంతా కలిసి ఇరవైమందిమి. అయిదు రోజులు పొద్దున్నే వంట ముగించుకుని, క్యారేజీ కట్టుకుని వెళ్ళాం.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళ సారా ఉద్యమం జిల్లా అంతా పాకినప్పుడు నేను చిన్నపిల్లని. మా అమ్మావాళ్ళు చీపుళ్ళు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చోవడం నాకు గుర్తే. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. కొట్టు మూయించడం పదిమంది కలిసి చేసే పని. కానీ ఆ తాగే మనిషిని, అతని పెళ్ళాం పిల్లల్ని నిలబెట్టడం వేరే పని. అది ఒక్కో గడప దగ్గర, ఒక్కొక్కరితో, ఓపిగ్గా చేయాలి.

మొదటి రోజు మేడమ్‌గారు ఒక ప్రశ్న వేశారు. "తాగే ఇంట్లో జబ్బు ఎవరికి?" అందరం మగాయనకే అన్నాం. "మరి ఆయన ఎప్పుడొస్తాడోనని పన్నెండింటిదాకా మేలుకునే ఇల్లాలికి? గేటు చప్పుడైతే పుస్తకం మూసేసి మంచం కిందకి దూరే పిల్లాడికి?" అన్నారావిడ. గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత మా చేత నాటకంలాగా వేయించారు. ఒకరు భార్య, ఒకరు ఇంటికి వెళ్ళిన కార్యకర్త. భార్య రెండు ముక్కలు చెప్పీ చెప్పకముందే "పిల్లల మొహం చూసి ఓర్చుకోవమ్మా" అని ఒకావిడ, "అలాంటివాణ్ణి వదిలిపారెయ్" అని ఇంకొకావిడ. ఆ రెండూ మనం చెప్పకూడని మాటలేనట! మన పని వినడం. "నీ తప్పేం లేదమ్మా, ఆయన తాగడానికి నువ్వు కారణం కాదు" అని చెప్పడం. డాక్టరుకి, ఆ ఇంటికి మధ్య దారి చూపడం. మందులు చెప్పడం మన పని కాదు. విన్న మాట గుమ్మం దాటనీయకూడదు.

ఇవన్నీ నాకు మా వీధి చివరింటి అమ్మాయి దగ్గర అక్కరకొచ్చాయి. పేరు ఎందుకులెండి. భర్త రంగులు వేసే పని చేస్తాడు. శిక్షణ అయిన నెలకి ఆ అమ్మాయి చిన్న పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అక్కా, ఇది ఆయనకి తెలీకుండా పులుసులో కలిపితే నెలలో మానేస్తాడంట. కలపనా?" అంది. గోడల మీద, బస్సుల్లో అలాంటి ప్రకటనలు మనమంతా చూసేవేగదా.

కలపొద్దన్నాను. ఎందుకో కూడా చెప్పాను. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మందు నిజంగానే ఉంది. అది వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ పుట్టి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. అందుకే డాక్టరు అన్నీ పరీక్షించి, ఆ మనిషికి చెప్పి, అతను ఒప్పుకుంటేనే ఇస్తారు. పొట్లంలో ఏముందో అమ్మేవాడికే తెలియాలి. అది తిని ఆయన మళ్ళీ తాగితే ఆపదేగదా!

ఇంకో సంగతీ చెప్పాను. రోజూ బాగా తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించకూడదు. ఆరేడు గంటలకే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేని మనుషులు కనపడటం, మతి తప్పడం జరగొచ్చు. అది దెయ్యం కాదు, భూతవైద్యుడి పని కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివాళ్ళు వరసకట్టారు.

ఆ అమ్మాయి ఆయన మత్తులో ఉన్నప్పుడు గొడవపడటం మానేసింది. పొద్దున్నే, కాఫీ వేళకి, "నిన్న బాబు భయపడి అన్నం తినలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పేది. మేస్త్రీకి అబద్ధాలు చెప్పడం కూడా ఆపింది. ఏడు వారాలకు ఆయనే "సరే, ఆసుపత్రికి పోదాం" అన్నాడు. పదిరోజులు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. సంక్రాంతికి స్నేహితులతో కలిసి మళ్ళీ తాగాడు. ఆ అమ్మాయి "అంతా బూడిదలో పోసిన పన్నీరేనా అక్కా" అని ఏడ్చింది. కాదమ్మా, షుగరు, బీపీల్లాగే ఇదీ తిరగబెట్టే జబ్బు, మళ్ళీ వెళ్ళాలి అన్నాను. వెళ్ళారు. ఇప్పటికి నాలుగు నెలలు. రేపటి సంగతి నేను చెప్పలేను. కానీ ఆ అమ్మాయి రాత్రిళ్ళు నిద్రపోతోంది, పిల్లాడు బడి మానడం లేదు.

మనలాంటివాళ్ళ వల్ల ఏమవుతుందిలే అనుకోకండి. భర్తను తాగుడుకి పోగొట్టుకున్న శాంతి రంగనాథన్‌గారు 1980లో మద్రాసులో వైద్యకేంద్రం మొదలుపెట్టారు. అక్కడ రోగితోపాటు ఇంట్లోవాళ్ళకూ తరగతులుంటాయి. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, అతిగా తాగే 377 మంది మగవాళ్ళ మీద పరిశీలన చేశారు. 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. మూడు నెలలకు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో నూటికి 26 మంది బాగుపడితే, వీళ్ళు మాట్లాడినవాళ్ళలో 36 మంది బాగుపడ్డారు. అయితే అక్కడ శిక్షణ ఇచ్చి వదిలేయలేదు. మాట్లాడిన మాటలు రికార్డు చేసి, అందరూ కూర్చుని విని, ఎక్కడ తొందరపడ్డామో చూసుకునేవారు. మాకు మాత్రం అయిదు రోజులయ్యాక మళ్ళీ పిలుపు రాలేదు. అందుకని మేమే నెలకోసారి అంగన్‌వాడీలో కలుస్తున్నాం. పేర్లు చెప్పకుండా కష్టమైన సంగతులు మాట్లాడుకుంటాం. ఆశా కార్యకర్త పీహెచ్‌సీ డాక్టరుగారిని అడిగి వస్తుంది. శిక్షణ ఇచ్చేవాళ్ళు ఈ నెలనెలా కలవడాన్ని కూడా అందులోనే కలిపితే ఎంత బాగుంటుంది!

వంటింటి గోడ మీద రాసి పెట్టుకోవాల్సినవి కొన్ని:

1. మత్తులో ఉన్నప్పుడు వాదం వద్దు, దిగాక మాట్లాడండి.

2. తెలియకుండా ఏ పొడీ పెట్టొద్దు.

3. ఒక్కసారిగా మాన్పించే ముందు డాక్టరుని అడగండి.

4. చేయిచేసుకుంటే ఓర్చుకోవడం మందు కాదు. మహిళలకు 181, అత్యవసరానికి 112.

5. మత్తు వదిలించుకునే సలహాకి 14446, మనసు బాగోలేనప్పుడు 14416. డబ్బు ఖర్చు లేదు.

మీ ఊళ్ళో ఇలాంటి శిక్షణ పెడితే "నాకెందుకు" అనుకోకుండా పేరివ్వండి. మీ వీధిలో కూడా ఎవరో ఒకమ్మాయి పొట్లం చేత్తో పట్టుకుని, ఎవర్ని అడగాలో తెలీక నిలబడి ఉంటుంది.